వాల్టర్ గారి పెనం దగ్గర ఆరు వారాలు

నయాగరా చూడలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఆ జలపాతం కోసం ఇది చదవబోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఏడాదికి పైగా కెనడాలో ఉండి నయాగరా చూడకుండా తిరిగొచ్చిన మనిషిని మా నర్సీపట్నంలో నేనొక్కదాన్నే కాబోలు. వచ్చిన మర్నాడే పక్కవాటా బంగారమ్మ పిన్ని నా గుమ్మంలో చతికిలబడి అడిగింది.

"ఏటే సంతోషీ, అంత దూరం ఎల్లి ఏటి సూసొచ్చినావు?"

"పొయ్యి చూశాను పిన్నీ. పెద్ద పొయ్యి, దాని మీద పెనం."

"ఓలమ్మ. పొయ్యి సూడ్డానికి ఇమానం ఎక్కాలేటి? మీ నాన్న కాడ నేదేటి?"

ఉంది. అదే ఇందులో విచిత్రం. మా నాన్న సన్యాసినాయుడు రోలుగుంట దగ్గర మా ఊళ్ళో చెరకు రసం కాచి బెల్లం వండుతాడు. నేను ఆ పెనం పక్కనే పుట్టానని అమ్మ అంటుంది. కొంచెం ఎక్కువ చేసి చెప్పినా మరీ అబద్ధం కాదు. డిగ్రీ కోసం నర్సీపట్నంలో గది తీసుకున్నప్పుడు నాకు కలిగిన పెద్ద సంతోషం ఏమిటంటే, ఇక జుట్టుకి చెరకు పిప్పి పొగ వాసన పట్టదని. తర్వాత రెండేళ్ళు ఇక్కడే ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకున్నాను. నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే వ్యవసాయం అనేదాన్ని. బెల్లం వండుతాడని చెప్పటానికి నాకు సిగ్గు. ఈ మాట రాయటానికీ ఇప్పుడు సిగ్గుగానే ఉంది, కాని రాయకపోతే మిగతాది అర్థం కాదు.

కాంప్లెక్స్

బయల్దేరిన రోజు ఆగస్టు వాన. నర్సీపట్నం బస్సు కాంప్లెక్స్‌లో విశాఖపట్నం బస్సు కదలబోతుండగా నాన్న ఊరి నుంచి మోటారు సైకిలు మీద తడిసి ముద్దై వచ్చి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన బెల్లం దిమ్మ ఒకటి నా ఒళ్ళో పెట్టాడు. తక్కువలో తక్కువ రెండు కిలోలు ఉంటుంది. నేనప్పటికే సూట్‌కేసు నాలుగుసార్లు తూచి, అమ్మ పెట్టిన ఆవకాయలో సగం తీసేసి తాళం వేసి ఉన్నాను.

"బరువైపోతుంది నాన్నా. అక్కడ పంచదార దొరుకుతుంది."

"నీ కోసం కాదే. అక్కడ నీకు పని నేర్పే మనిషికియ్యి. ఉత్త సేతుల్తో ఎల్తావేటి?"

"వాళ్ళు తీసుకోరు."

"తీపి ఇత్తే తీసుకోనోడు ఏ దేశంలోనూ ఉండడు. సంచీలో ఎట్టు."

పెట్టుకున్నాను. దారిలో విమానాశ్రయంలో ఒక అధికారి దాన్ని వేలితో పొడిచి, గోరుతో గీకి, ఇది రాయా అని అడిగాడు. తినేది అంటే నమ్మలేదు. నేను కొంచెం విరిచి నోట్లో వేసుకుని చూపించాను. మా నాన్న వండినదాన్ని నేను నలుగురి ముందు గర్వంగా తిన్నది అదే మొదటిసారి, అదీ భయంతో.

కాలేజీ ఊరు

ఒంటారియోలో ఒక చిన్న ఊళ్ళో మా కాలేజీ. నాది ఆహార పదార్థాల తయారీ కోర్సు, ఏడాది. వారంలో నాలుగు రోజులు క్లాసులు, మిగతా రోజుల్లో ఒక కాఫీ షాపులో కౌంటరు పని. స్టూడెంటుగా వెళ్ళినవాళ్ళు వారానికి ఇన్ని గంటలే పని చెయ్యాలని లెక్క ఉంటుంది, దాన్ని దాటకూడదు. మొదటి వారం నన్ను బాగా ఆశ్చర్యపరిచింది చలి కాదు, మా షాపు మేనేజరు. ఆవిడ కారు దిగి లోపలికొచ్చి, కోటు తగిలించి, తిన్నగా బాత్రూములు కడగటానికి వెళ్ళింది. మన దగ్గర మేనేజరు అన్నవాడు బల్ల మీద దుమ్ము కనిపిస్తే ఎవరినో పిలుస్తాడు. నేను కంగారుపడి చీపురు లాక్కోబోతే, "నీ వంతు గురువారం" అంది.

ధరల సంగతి చెప్తే మీరు నమ్మరు. కరివేపాకు పది రెబ్బలు మన డబ్బుల్లో నూట ఇరవై రూపాయలు. మా ఇంటి వెనక చెట్టు గుర్తొచ్చి, ఆ ప్యాకెట్టు పట్టుకుని కొట్లో కాసేపు ఊరికే నిలబడ్డాను. ములక్కాడల ధర అడగనే లేదు.

మార్చిలో ఆరు వారాలు బయట పని నేర్చుకోవాలి. బిస్కెట్ ఫ్యాక్టరీ, చీజ్ ఫ్యాక్టరీ, జ్యూస్ ఫ్యాక్టరీ, ఇలా తలొకటి పంచారు. ఫ్యాక్టరీ వస్తే అక్కడే ఉద్యోగం కూడా రావచ్చని అందరికీ ఆశ. నా పేరు పక్కన ఒక పల్లెటూరు, అడవి, ఒక ముసలాయన పేరు. మేపుల్ చెట్ల నీళ్ళు కాచి పాకం తీసే పని. పోయి పోయి సముద్రాలు దాటితే మళ్ళీ పొయ్యి దగ్గరికే చేరాను. ఆ సాయంత్రం గదిలో దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

కాలేజీవాళ్ళు ఒక ఫారం ఇచ్చారు. పని నేర్పినవాళ్ళు దాన్ని నింపి, సీలు వేసి పంపాలి. అందులో ఆఖరి ప్రశ్న ఇది: ఈ విద్యార్థిని పని దగ్గర ఒంటరిగా వదలవచ్చా? అవును లేదా కాదు. కాదు అని వస్తే ఇంకో టర్ము ఉండి మళ్ళీ చెయ్యాలి. నా పర్మిట్ కోర్సుతోనే అయిపోతుంది. అంటే ఆ ఒక్క గడిలో టిక్కు పడకపోతే నేను సర్టిఫికెట్ లేకుండా నర్సీపట్నం బస్సు దిగాలి.

మొదటి రోజు: చెట్టుకి చెంబు

వాల్టర్ గారికి డెబ్భై దాటి ఉంటాయి. ఆయనా, ఆయన చెల్లెలు ఐరిస్ గారూ ఆ అడవి అంచున ఉంటారు. ఇంగ్లీషులో గారు లేదు, మనమే కలుపుకోవాలి. నేను సర్ అని పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరైనా వచ్చారేమోనని.

మోకాలి లోతు మంచులో నన్ను ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆకు లేదు, పువ్వు లేదు, ఎండు కట్టెలాంటి చెట్టు. దానికి చిన్న బెజ్జం వేసి, ఇనుప గొట్టం తట్టి, బకెట్టు తగిలించారు. అంతే, టప్పు టప్పుమని నీళ్ళు. గడ్డకట్టిన నేల, గడ్డకట్టిన గాలి, అందులో ఆ ఎండు కట్టెలోంచి నీళ్ళు కారుతున్నాయి. రాత్రి గడ్డకట్టి పగలు కాస్త కరిగే రోజుల్లోనే కారుతాయట, ఏడాదికి కొన్ని వారాలే. ఆయన చిన్న గ్లాసు పట్టి నా చేతికిచ్చారు. తాగాను. చల్లగా, నీళ్ళంత పల్చగా, ఎక్కడో నాలుక చివర తీపి.

నాకు ఒళ్ళు జలదరించింది. చెరకైతే మనం నాటాలి, నీళ్ళు కట్టాలి, గాలికి పడిపోకుండా ఆకులతో జడ వెయ్యాలి, నరకాలి, గానుగ ఆడించాలి. ఇది ఎవరూ నాటలేదు, నీళ్ళు పొయ్యలేదు. తాతల నాటి చెట్టు మంచులో నిలబడి తీపి ఇస్తోంది. ఈ విద్యని ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్న తెగలవాళ్ళు వీళ్ళకి నేర్పారని వాల్టర్ గారు చెప్పారు. చెప్పేటప్పుడు టోపీ తీశారు.

ఆ పూటే బెల్లం దిమ్మ ఆయన చేతిలో పెట్టాను. మా నాన్న పంపారని మాత్రం అన్నాను, వండింది ఆయనేనని చెప్పలేదు. వాల్టర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, థాంక్స్ అని, పాకం కాచే గది కిటికీ చెక్క మీద పెట్టారు. రోజులు గడిచినా అది అక్కడే ఉంది. తీసుకోనివాడు ఏ దేశంలోనూ ఉండడన్నావు కదా నాన్నా, తీసుకున్నారు కాని తినలేదు అనుకున్నాను.

పెనం ఇల్లు

అడవి మధ్యలో చెక్క గది. లోపల నేను పొడవునా పడుకున్నా మిగిలిపోయేంత పెద్ద పొయ్యి, దాని మీద ఒకదాని వెనక ఒకటి రెండు పెనాలు. వెనక పెనంలో చెట్టు నీళ్ళు మరుగుతాయి. మధ్యలో ఒక చిన్న తలుపు ఉంటుంది, అది తెరిస్తే ఆ నీళ్ళు ముందు పెనంలోకి వచ్చి చిక్కబడతాయి. నలభై బకెట్ల నీళ్ళు మరిగితే ఒక్క బకెట్టు పాకం. మిగిలిన ముప్ఫై తొమ్మిదీ ఆవిరై పైకప్పు సందులోంచి ఆకాశంలోకి పోతాయి. మొదటి ఉదయం ఆ ఆవిరిలో నాకు నా చెయ్యే కనపడలేదు.

వాసన మాత్రం తెలిసింది. కళ్ళు మూసుకుంటే మా ఊరు.

పని కూడా తెలిసినట్టే ఉంది. తెట్టు తియ్యాలి, పొంగు చూడాలి, కట్టె ఎగదొయ్యాలి. పొంగు పైకి లేస్తే వాల్టర్ గారు వేలి చివర ఇంత వెన్న తీసి అందులో వేస్తారు, పొంగు బుద్ధిగా కిందికి దిగుతుంది. మా నాన్న ఒక్క ఆముదం చుక్క వేస్తాడు. ఇద్దరూ వేసేటప్పుడు పెదాలు ఒకేలా బిగిస్తారు. నేను నవ్వుకున్నాను గాని ఎందుకు నవ్వుతున్నానో చెప్పలేదు.

ఒకే ఒక్క నియమం చెప్పారాయన. "ముందు పెనంలో నీటి మట్టం తగ్గితే కొన్ని నిమిషాల్లో మాడిపోతుంది. పెనం దగ్గర నిలబడ్డ మనిషి కదలకూడదు. ఆ మనిషిని ఎవరూ పిలవకూడదు."

భోజనం ఐరిస్ గారిది. పాకంలో ఉడికిన చిక్కుడు గింజలు, అట్లు, అట్ల మీద మళ్ళీ పాకం. కూరలో తీపి ఏమిటా అనుకున్నాను గాని, ఆకలికి రుచి తెలియదు కదా. ఒక ఆదివారం నేను ఆ పాకంతో అరిసెలు చేస్తానని బడాయి పోయాను. పాకం బెల్లంలా పట్టు పట్టలేదు, అరిసెలన్నీ నూనెలో విడిపోయి రవ్వరవ్వ అయ్యాయి. ఐరిస్ గారు ఆ రవ్వని పెరుగులో కలుపుకుని రెండు గిన్నెలు తిని, దీని పేరేమిటి అని అడిగారు. పేరు లేదండీ, ఇప్పుడే పుట్టింది అన్నాను.

తొమ్మిదో రోజు

శనివారాల్లో చుట్టుపక్కల జనం పాకం కాచేది చూడటానికి వస్తారు. వాల్టర్ గారు బయట ట్యాంకు నింపటానికి వెళ్తూ, "పది నిమిషాలు. నువ్వు చూసుకో" అన్నారు. ఆయన నన్ను ఒంటరిగా వదలటం అదే మొదలు. ఆ ఫారంలో టిక్కు నాకు కళ్ళ ముందు కనపడింది.

ఆయన అటు వెళ్ళారో లేదో ఒక వ్యాను ఆగింది. పది పన్నెండు మంది పెద్దవాళ్ళు దిగారు. గుమ్మం ఎత్తుగా ఉంది, చేతిలో నడక బండి ఉన్న ఒక ముసలమ్మ దాటలేక బయటే నిలబడిపోయింది. "ఎంత కమ్మటి వాసన" అంది, మంచులో నిలబడి, లోపలికి చూస్తూ.

మా ఊళ్ళో బెల్లం వండే చోటికి వచ్చిన మనిషి ఎవరైనా సరే, దారిన పోయేవాడైనా సరే, వేడి బెల్లం ఆకులో పెట్టి ఇవ్వకుండా పంపరు. పంపితే ఆ పెనం మళ్ళీ తీపి ఇవ్వదంటారు. నాకు ఇది ఎవరూ నేర్పలేదు, ఊపిరితోపాటు వచ్చింది. కాగితపు కప్పుల్లో అప్పుడే తీసిన పాకం పోసి, గుమ్మం దాటి వెళ్ళి ముందు ఆవిడకి, తర్వాత ఒక్కొక్కరికీ ఇచ్చాను. ఒకాయన మీది ఏ దేశం అన్నారు, ఇంకొకావిడ నా జడ ముట్టుకుని చూసింది. నేనూ మాటల్లో పడ్డాను. మాట్లాడేవాళ్ళు దొరికితే నన్ను ఆపటం ఎవరి తరమూ కాదు.

మాడు వాసన ముందు నా ముక్కుకే తగిలింది. ముందు పెనంలో మట్టం పడిపోయి ఒక మూల నల్లబడుతోంది. నేను లోపలికి పరిగెత్తేసరికే వాల్టర్ గారు నన్ను దాటుకుని వెళ్ళి మధ్య తలుపు పూర్తిగా ఎత్తేశారు. వెనక నీళ్ళు బుస్సుమని వచ్చి పడ్డాయి. పెనం మిగిలింది, పాకం పోయింది. అడుగున పట్టిన మాడు గీకటానికి రెండు రోజులు పొయ్యి ఆపాల్సి వచ్చింది. ఆ రెండు రోజులూ ఎండ కాసింది, ట్యాంకులో నీళ్ళు పులిసిపోయాయి. అడవంతా తిరిగి మోసిన నీళ్ళని ఆయన మంచులో పారబోస్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

ఒక్క మాట అనలేదాయన. మన దగ్గర పెద్దవాళ్ళయితే వంశం మొత్తాన్ని తిట్టి, సాయంత్రానికి అన్నం తిన్నావా అని అడుగుతారు. తిట్టు పడిందంటే తప్పు తీరిపోయినట్టే. ఈయన తిట్టలేదు, అందుకని అది తీరలేదు. "రేపటి నుంచి బకెట్లు" అని మాత్రం అన్నారు.

బకెట్లు

ఐదు రోజులు చెట్టు చెట్టుకీ తిరిగి బకెట్లు వంచి మోశాను. పెనం గదిలోకి రమ్మని ఆయన అనలేదు, నేను అడగలేదు. వాల్టర్ గారు లోపల మేకుకి తగిలించిన ఆ ఫారం గాలికి ఊగటం కిటికీలోంచి కనపడేది.

అయినా ఒక మాట చెప్పాలి. అంత దిగులులోనూ ఆ అడవి నన్ను వదల్లేదు. పొద్దున్నే ఎండ పడగానే ఒక చెట్టు దగ్గర టప్పుమంటుంది, తర్వాత ఇంకో చెట్టు దగ్గర, కాసేపటికి అడవి అంతా ఒకేసారి. వందల బకెట్లలో చుక్కల చప్పుడు. నేను నడక ఆపి నిలబడేదాన్ని. నా జన్మలో అలాంటిది వినలేదు, మళ్ళీ వింటానో లేదో తెలియదు. ఇంత అందం ఉన్నచోట ఇంత పిచ్చి పని చేశానేమిటా అని అక్కడే నిలబడి ఏడ్చాను కూడా.

ఐదో రోజు సాయంత్రం ఐరిస్ గారు ఉడికించిన గుడ్డు ఒలుస్తూ, "ఎందుకు పెనం వదిలావు?" అని అడిగారు. మొదటిసారి మొత్తం చెప్పాను. నాన్న, చెరకు, పొయ్యి, ఆకులో పెట్టి ఇచ్చే వేడి బెల్లం, అన్నీ.

"ఇదంతా వాల్టర్‌కి చెప్పావా?"

"ఆయన అడగలేదండీ."

"వాల్టర్ అడగడు. ఈ ఊళ్ళో ఎవరూ అడగరు. నువ్వే చెప్పాలి."

మర్నాడు పొద్దున్నే మంచులో నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం, పొయ్యి దగ్గర ఉన్నాడు. జరిగింది చెప్పి, నేను చేసింది మన ధర్మమే కదా నాన్నా అన్నాను. నా పక్షం మాట్లాడతాడనుకున్నాను.

"పెనం ఇడిసెల్లినావా?" అన్నాడు.

"వచ్చినవాళ్ళకి ఇవ్వాలి కదా."

"ఇవ్వాల. ఎవులు ఇత్తారు? మీ అమ్మ ఇత్తాది. నేనెప్పుడైనా పెనం కాణ్ణించి కదిలీసి ఇచ్చినానేటి? గుర్తు సేసుకో."

గుర్తు చేసుకున్నాను. నిజమే. చిన్నప్పుడు నేను అమ్మ వెనకాల ఆకులు పట్టుకుని తిరిగాను, అందుకే ఇవ్వటం ఒక్కటే నాకు గుర్తుంది. పెనం వైపు వీపు తిప్పకుండా గంటలకి గంటలు నిలబడ్డ నాన్న గుర్తులేడు. నేను ఎప్పుడూ అటు చూడలేదు, పొగ వాసనకి ముక్కు మూసుకుని పుస్తకం పట్టుకుని పారిపోయాను. సగం తెలిసిన ధర్మంతో ఒక పెద్దాయన పెనం మాడ్చాను.

"ఆయన కాడికెల్లి ఫోనియ్యి" అన్నాడు నాన్న.

రెండు పెనాలు

వీడియో పెట్టాను. అక్కడ ఫోన్ పట్టుకున్నది అమ్మ, అందుకని కాసేపు ఆకాశం, ఆ తర్వాత ఒక మేక, చివరికి నాన్న కనిపించాడు. వాల్టర్ గారు గరిటె పట్టుకుని పెనం ముందున్నారు, తల తిప్పలేదు. నేను ఆయన కంటికి ఎదురుగా, పెనం అవతల వైపు ఫోన్ పట్టుకున్నాను.

"సారూ, తప్పు నాది" అన్నాడు నాన్న. "ఈ పిల్లకి నేను సగమే నేర్పినాను. ఇవ్వడం నేర్పినాను, నిలబడ్డం నేర్పనేదు. సదువుకుంటాదని పంపీసినాను. సెమించాల."

నేను ఇంగ్లీషులో చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. మా నాన్న ఒకరిని క్షమించమని అడగటం నేను చూడలేదు, నా కోసం అసలే చూడలేదు.

వాల్టర్ గారు గరిటెతో తెట్టు తీసి పక్కన వేశారు. తర్వాత, "ఆయన వెనకాల ఆవిరి వస్తోంది. ఏమిటది?" అన్నారు.

అమ్మ ఫోన్ తిప్పింది. మా పెనం కనపడింది, బంగారు రంగులో కుతకుతలాడుతూ. వాల్టర్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. అంతలో అక్కడ పొంగు లేచింది. నాన్న పెదాలు బిగించి ఆముదం చుక్క వేశాడు, పొంగు దిగింది. ఇక్కడా లేచింది, వాల్టర్ గారు పెదాలు బిగించి వెన్న వేశారు, దిగింది. ఆ పెద్దాయన నవ్వటం నేను అప్పుడే మొదటిసారి చూశాను. భుజాలు కదిలాయి గాని చప్పుడు రాలేదు.

"ఆ కట్టె తడిగున్నట్టుంది, మంట సూడమను" అన్నాడు నాన్న. అది నిజంగానే తడి కట్టె. "ఆయన పెనం ఎన్నేళ్ళ నాటిది?" అన్నారు ఈయన. నేను మధ్యలో నిలబడి ఇద్దరికీ నోరయ్యాను. నాన్న గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకుని పాకం చుక్క వేసి, ఉండ కట్టిందా లేదా వేలితో నొక్కి చూపించాడు. వాల్టర్ గారు గరిటెడు పాకం చిక్కగా కాచి, తలుపు బయట తెల్లటి మంచు మీద నా చేత గీతలా పోయించారు. అది అక్కడికక్కడే సాగే మిఠాయి అయింది. నాన్న గిన్నెలో నీళ్ళు, ఈయన నేల నిండా మంచు. ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులు, భూమికి ఆ చివరా ఈ చివరా నిలబడి ఒకే పరీక్ష పెడుతున్నారు. నేను చదివిన కెమిస్ట్రీ అంతా ఆ రోజు నాకు చిన్నదిగా కనపడింది.

ఫోన్ పెట్టేశాక ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, నా వైపు ఒకసారి చూసి, బెల్లం దిమ్మ అంచు చిన్న సుత్తితో విరిచి నోట్లో వేసుకున్నారు. అది కరిగేదాకా కళ్ళు తెరవలేదు. "ఇది ఆయన వండిందా?"

"అవునండీ."

"ముందే చెప్పాల్సింది." గరిటె నా చేతికిచ్చారు. "మీ నాన్న ఎలా నిలబడ్డాడో చూశావుగా. అలా నిలబడు."

ఆఖరి వంట

ఏప్రిల్‌లో చెట్లకి మొగ్గలు ఉబ్బుతాయి, నీళ్ళ రుచి మారిపోతుంది. కప్పలు అరవటం మొదలైతే ఇక పొయ్యి ఆర్పేస్తారు. ఆఖరి శనివారం నేను పెనం ముందున్నాను. బయట వ్యాను ఆగిన చప్పుడు. నడక బండి గుమ్మానికి తగిలిన చప్పుడు. "ఆ జడ పిల్ల ఏదీ?" అన్న గొంతు. తల తిప్పాలని ప్రాణం కొట్టుకుంది. తిప్పలేదు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవకూడదు.

అప్పుడు వాల్టర్ గారు నా పక్కకి వచ్చారు. కాగితపు కప్పులు వరసగా పెట్టి, తీసిన పాకం పోసి, పళ్ళెంలో పెట్టుకుని గుమ్మం దాటి మంచులోకి వెళ్ళారు. ఆ ముసలావిడకి స్వయంగా అందించటం వినపడింది. ఎన్నేళ్ళుగానో ఆయన సీసాలు అమ్మటమే గాని ఇలా ఇవ్వటం చూడలేదని ఐరిస్ గారు తర్వాత చెప్పారు. మట్టం సరిగ్గా చూసుకుంటూ, మధ్య తలుపు కొంచెం కొంచెం తెరుస్తూ, ఆవిరిలో నిలబడి నేను ఆ మాటలన్నీ వీపుతో విన్నాను.

వచ్చేసే రోజు ఆయన ఫారం కవరులో పెట్టి సీలు వేశారు. ఏం రాశారో అడగకూడదు, అడగలేదు. అంతకు ముందు మాత్రం ఒక కాగితం ఇచ్చి, మీ నాన్న పేరు, ఊరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయి అన్నారు. పాకం సీసా పంపుతారేమో అనుకున్నాను. అది కూడా పంపారు, లీటరు సీసా, కొట్లో మన డబ్బుల్లో రెండు వేలకి దగ్గర పడేది.

పది రోజులకి కాలేజీలో ఫలితం చూశాను. అవును అన్న గడిలో టిక్కు. కోర్సు పూర్తయి సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు ఆ ఫారం నకలు కూడా ఇచ్చారు. అందులో ఇంకొకటి ఉంది. అది చదివి కాలేజీ మెట్ల మీద కూర్చుండిపోయాను. నాన్నకి ఫోన్‌లో చెప్పలేదు. పెనం దగ్గరే చెప్పాలని దాచుకున్నాను.

రోలుగుంట దగ్గర

మొన్న చెరకు దిగింది. ఆదివారం పొద్దున్నే నర్సీపట్నం నుంచి బస్సెక్కి ఊరికి వెళ్ళాను. నాన్న పెనం ముందున్నాడు. అమ్మ ఇంట్లో పనిలో ఉంది. నేను వెళ్ళి పక్కన నిలబడి సంచీలోంచి కాగితం తీశాను.

"ఏటది?"

"వాల్టర్ గారు నింపిన ఫారం."

"ఆ తడికట్టె ముసలోడా? సదువు."

చదివాను. టిక్కులన్నీ చెప్పాను, ఒంటరిగా వదలవచ్చు అన్నది కూడా చెప్పాను. నాన్న తెట్టు తీస్తూ తలూపాడు. తర్వాత కింది వరస. అక్కడ శిక్షణ ఇచ్చినవారు అని ఉంది, పక్కన వాల్టర్ గారి సంతకం. దాని కింద ఒక్కొక్క అక్షరం దిద్ది రాశారు. సన్యాసినాయుడు, రోలుగుంట, ఇండియా. ఆ తర్వాత ఒక మాట: "నేను నేర్పింది సగమే. మిగిలిన సగం ఈయనది."

నాన్న గరిటె ఆపాడు. "నా పేరేటి అందులో?"

"నీ పేరే నాన్నా."

"ఆ కాలేజీ కాయితంలోనా?"

"ఆ కాలేజీ కాగితంలోనే."

"ఇంకోపాలి సదువు."

ఇంకోసారి చదివాను. అంతలో రోడ్డు మీద సైకిలు ఆగింది. ఎవరో కొత్త మనిషి, దారిన పోతూ వాసనకి ఆగాడు. నేను అలవాటు కొద్దీ ఆకు కోసం చూశాను. నాన్న నన్ను ఆపాడు. గరిటె నా చేతిలో పెట్టాడు. నా ఇన్నేళ్ళ బతుకులో ఆ గరిటె నా చేతికి రావటం అదే మొదలు.

"నువ్వు నిలబడు. నేనిచ్చొత్తాను" అన్నాడు.

ఆకులో వేడి బెల్లం పెట్టుకుని రోడ్డు వైపు వెళ్ళాడు. అక్కడ ఆ మనిషితో చాలాసేపు ఏదో చెప్తున్నాడు, మధ్యలో కెనడా అన్న మాట వినపడింది. కళ్ళు తుడుచుకున్నాడో లేదో నేను చూడలేదు. పెనం దగ్గర ఉన్నాను, తల తిప్పకూడదు.